పాల ప్యాకెట్ పక్కన బీరు సీసా

కిరాణా కొట్లలో, సూపర్ మార్కెట్లలో బీరు అమ్మనివ్వాలా వద్దా అని ఈమధ్య మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ మధ్య పెద్ద చర్చే నడిచింది. నాకైతే వద్దనే అనిపిస్తుంది. వద్దన్నానని నన్ను పాతకాలం మనిషిని చేసేశారు కాబట్టి ఎందుకు వద్దో కాస్త వివరంగానే రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను, మద్యనిషేధం పెట్టమని అడిగే మనిషిని కాదు నేను. తాగేవాళ్ళంతా చెడ్డవాళ్ళనీ అనను. నా గొడవంతా సీసాతో కాదు, ఆ సీసా ఏ కొట్లో ఉండాలన్న దానితో.

ఇది ఊరికే పొద్దుపోక వచ్చిన ప్రశ్న కూడా కాదండీ. 2022 జనవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం సూపర్ మార్కెట్లలో, పెద్ద దుకాణాల్లో వైన్ అమ్ముకోవచ్చని నిర్ణయం తీసుకుంది. కొట్టులోనే ఒక పక్కన విడిగా అల్మరా పెట్టి అమ్మాలట. ద్రాక్ష రైతులకి మేలు జరుగుతుందన్నారు. అన్నా హజారే నిరాహార దీక్ష చేస్తానన్నారు, గొడవ పెద్దదైంది, ఆ నిర్ణయం అమలు దాకా రాకుండా ఆగింది. అంతకు ముందు 2020 లాక్‌డౌన్ రోజుల్లోనే రాంచీలో స్విగ్గీ, జొమాటో వాళ్ళు మందు ఇంటి గుమ్మంలోకి తెచ్చివ్వడం మొదలుపెట్టారు. పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట తెచ్చిచ్చే యాప్‌లు మన చేతుల్లో ఉన్నాయి. కొత్తిమీరతో పాటు రెండు బీర్లు కూడా సంచీలో పడెయ్యడానికి వాళ్ళకి అడ్డు చట్టం ఒక్కటే. ఆ అడ్డు తీసెయ్యాలా అన్నదే ప్రశ్న.

మా పై ఫ్లాటు పిన్నిగారు ఆర్నెల్లు కూతురి దగ్గర డాలస్‌లో ఉండి వచ్చారు. "అక్కడ పాల డబ్బాల పక్కనే బీరు సీసాలు. ఎవరి గోల వాళ్ళది. ఎవరూ రోడ్డు మీద పడి దొర్లడం నేను చూళ్ళేదమ్మా" అంటారు ఆవిడ. నిజమే. టెక్సస్‌లో కిరాణా స్టోర్లలో బీరూ వైనూ దొరుకుతాయి. కానీ విస్కీ, వోడ్కా లాంటివి అక్కడ పెట్టనివ్వరు, వాటికి వేరే దుకాణాలు. ఆదివారం ఆ దుకాణాలు తెరవరు. స్టోర్లో బీరైనా సరే ఆదివారం పొద్దున పది దాకా అమ్మడానికి లేదు, 2021 సెప్టెంబరుకి ముందైతే మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగాల్సిందే. అంటే పాల పక్కన పెట్టుకున్నవాళ్ళు కూడా దాని చుట్టూ కంచె కట్టుకునే పెట్టుకున్నారు. కౌంటర్ దగ్గర అమ్మాయికి అనుమానం వస్తే ఐడీ చూపించమంటుంది, చూపించకపోతే సీసా పక్కన పెట్టేస్తుంది. ఎంత తెలిసినవాళ్ళైనా అక్కడ "ఖాతాలో రాసుకో" అనే మాట లేదు. ఎనిమిదేళ్ళ పిల్లాడి చేతికి చీటీ ఇచ్చి స్టోరుకి పంపేవాళ్ళూ లేరు.

మన కొట్టు అలాంటిది కాదు కదా. మన కిరాణా కొట్టు ఇంటికి పొడిగింపు లాంటిది. పోపు వేశాక ఇంగువ అయిపోయిందని తెలిస్తే స్టవ్ సిమ్‌లో పెట్టి పిల్లాణ్ణి పరిగెత్తిస్తాం. కొట్టతనికి మన ఇంట్లో ఎంతమందో, ఏ నూనె వాడతామో, ఎవరికి షుగరుందో అన్నీ తెలుసు. వీటన్నిటికీ మించి అక్కడ మన ఖాతా పుస్తకం ఉంటుంది.

ఈ ఖాతా పుస్తకం సంగతి కాస్త ఆగి చూడాలి, నా మాటంతా అందులోనే ఉంది. మామూలు ఇళ్ళలో డబ్బు రెండు రకాలుగా నడుస్తుంది. ఒకటి ఇంటి ఖర్చు, రెండోది ఆయన జేబు ఖర్చు. తాగే అలవాటున్న ఇంట్లో ఆ ఖర్చు ఆయన జేబులోంచి పోవాలి. జేబు ఖాళీ అయితే ఆ పూటకి ఆగాలి, లేదా ఎవరినో అడగాలి. వైన్ షాపువాడు ముఖం చూసి అరువివ్వడు, డబ్బు గల్లాలో పడితేనే సీసా బయటికొస్తుంది. కిరాణా ఖాతా అలా కాదు. అది ఇంటి ఖర్చులో భాగం. కందిపప్పు, ఇడ్లీ రవ్వ, బట్టల సబ్బు, అగరొత్తులు, ఆ వరసలోనే "బీరు 2" అని పడితే నెలాఖరున ఆ లెక్క తీర్చాల్సింది ఇంటికిచ్చిన డబ్బులోంచే. లెక్క పెరిగితే తగ్గించేది ఏమిటో మీకు తెలుసు, నాకు తెలుసు. మొదట పోయేది మన టిఫిన్ పక్కన పళ్ళు. తరవాత పిల్లల బాదం పప్పు. ఆ తరవాత పాలు లీటరు కాస్తా ముప్పావు అవుతాయి. పచారీ బిల్లు పెరిగిందేమని మళ్ళీ మనల్నే అడుగుతారు, అది వేరే సంగతి.

ఆ పుస్తకంలో "బీరు" అని రాస్తారనుకోవడం కూడా నా అమాయకత్వమే అనుకోండి. "కూల్ డ్రింక్స్" అని రాస్తారు.

ఇదంతా ఊహించి భయపడుతున్నానని అనుకోకండి. కిరాణా కొట్లో బీరు అమ్మితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం అమెరికా దాకా పోనక్కర్లేదు, మన పల్లెలకి వెళ్తే చాలు. బెల్టు షాపులంటే ఏమిటి? చాలా చోట్ల అవి కిరాణా కొట్లే. లైసెన్సున్న దుకాణంలోంచి పెట్టెలు తెచ్చుకుని, కూల్ డ్రింకుల ఫ్రిజ్‌లో వెనక వరసలో బీర్లు పెట్టుకుని, సీసాకి పదో ఇరవయ్యో ఎక్కువేసుకుని అమ్ముతారు. చట్టం దానికి ఒప్పుకోదు. 2014 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే చంద్రబాబునాయుడు గారు బెల్టు షాపుల రద్దు ఫైలు మీద సంతకం పెట్టారు. సంతకం పెట్టాక ఏమైందో పల్లెల్లో ఉన్న మన చుట్టాల్ని అడగండి. తెలంగాణలో సంతకాల సంగతి ఎలా ఉన్నా, ఊళ్ళో సీసా దొరకడం మాత్రం ఏనాడూ ఆగలేదు.

మా పెద్దాడపడుచు వాళ్ళ ఊళ్ళో నేను చూసిందే చెప్తాను. వైన్ షాపు మండల కేంద్రంలో ఉంటుంది, ఊరికి ఏడు కిలోమీటర్లు. అంత దూరం పోవాలంటే పెట్రోలు కావాలి, డబ్బు కావాలి, రాత్రి పదిలోపు చేరాలి. బెల్టు షాపు ఉన్నది రామాలయం సందులో. తెల్లవారి ఆరింటికి పాల ప్యాకెట్ కోసం తీసిన షట్టరులోంచే క్వార్టర్ సీసా కూడా బయటికొస్తుంది. రాత్రి పదకొండుకి తలుపు కొడితే లేచి ఇస్తారు, ఎందుకంటే కొట్టు వెనకే ఇల్లు. పంట మీద ఇస్తానంటే రాసుకుంటారు. "ఏడు కిలోమీటర్లు ఉన్నన్నాళ్ళు ఈయన వారానికి రెండుసార్లు తాగేవాడు వదినా, సందులోకి వచ్చాక రోజూ అయింది" అంది మా ఆడపడుచు. మనిషి మారలేదు, దూరం మారింది.

తాగుబోతు ఏడు కిలోమీటర్లు కాదు, డెబ్భై కిలోమీటర్లైనా పోతాడని కొందరంటారు. పూర్తిగా మునిగినవాడు పోతాడు, కాదనను. కానీ మన ఇళ్ళలో ఎక్కువమంది అలాంటివాళ్ళు కాదే. వాన పడుతోందని మానేసేవాళ్ళు, బద్ధకించి మానేసేవాళ్ళు, షాపు మూసే వేళైందని "సర్లే రేపు చూద్దాం" అనుకునేవాళ్ళు. ఇలా మానేసిన రోజులే ఆ ఇంటికి మిగిలే రోజులు. సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో జాతీయ, రాష్ట్ర రహదారులకి 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని చెప్పింది కూడా దూరం పనిచేస్తుందన్న నమ్మకంతోనే కదా. తరవాత ఊళ్ళ లోపలికి సడలింపులొచ్చాయనుకోండి. లారీ డ్రైవరుకి అర కిలోమీటరు దూరం మంచిదని కోర్టే అనుకున్నప్పుడు, ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ మాత్రం దూరం ఎందుకు మంచిది కాదు?

మా అమ్మమ్మగారి ఊరు కావలి వైపు. దూబగుంట అక్కడికి దగ్గరే. సారా ఉద్యమం గురించి చదివినవాళ్ళు, రోశమ్మగారి పేరు విన్నవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు 1992లో సారా కొట్లు మూయించడానికి దిగారు, నెల్లూరులో సారా పాటల్ని అడ్డుకున్నారు. అది జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు, 1995 జనవరిలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997కి అది పోయింది. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. మా అమ్మమ్మ చెప్పిన సంగతి మాత్రం ఇంకొకటి. అంతకు ముందు కూడా ఊళ్ళో మగవాళ్ళు తాగేవాళ్ళేనట, కల్లు పాకకి పోయి తాగి వచ్చేవాళ్ళట. 1980లలో ప్రభుత్వం "వారుణి వాహిని" అని పేరు పెట్టి సారాని ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊరూరికీ పంపడం మొదలుపెట్టాక కథ మారింది. ప్యాకెట్ జేబులో పట్టింది. పొలం గట్టు మీదికి వచ్చింది. కూలి డబ్బు ఇంటికి చేరకముందే దారిలోనే అయిపోయింది. "అది వీధిలోకి వచ్చినందుకే మేము వీధిలోకి రావాల్సి వచ్చింది" అనేది అమ్మమ్మ. ఆవిడ చదువుకున్నది మూడో తరగతి. ఇవాళ మన యాప్‌లవాళ్ళు "సౌకర్యం" అని పిలిచేదాన్ని ఆవిడ అప్పుడే చూసేసింది.

ఇక "బీరుదేముంది, అది మందే కాదు" అనే మాట. మా వారి స్నేహితులు ఒకరు మా హాల్లోనే కూర్చుని అన్నారు. ఆయన వెళ్ళాక నేను సీసాల మీది అంకెలు చూసి లెక్క కట్టాను (వంట కొలతలు రోజూ చూసుకునేదానికి ఇదో లెక్కా). మన దగ్గర పెద్ద బీరు సీసా 650 మిల్లీలీటర్లు. ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగ్ బీరు, అందులో 8 శాతం దాకా ఆల్కహాలుంటుంది. అంటే సీసాకి 52 మిల్లీలీటర్లు. మన దేశపు విస్కీ సీసా మీద మామూలుగా 42.8 శాతం అని ఉంటుంది. 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో వచ్చేది సుమారు 26. ఒక స్ట్రాంగ్ బీరు సీసా తాగితే రెండు లార్జ్ పెగ్గులు తాగినట్టే. ఐదు శాతం లైటు బీరైనా సీసాకి ఒక పెగ్గు దాటుతుంది. విస్కీ అంటే ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పలేనివాళ్ళు, బీరు అంటే చెప్పగలుగుతున్నారు, తేడా అంతవరకే. ఆ చెప్పగలిగే గుణం వల్లే అది ముందు కిరాణా కొట్లోకి వస్తుంది. ఇంటర్ చదివే పిల్లాడికి మొదట అందేదీ అదే. రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ళు నిండకుండా అమ్మకూడదు. కిరాణా కొట్లో పనిచేసే కుర్రాడికే పదహారుంటాయి, వాడు ఎవరి వయసు అడుగుతాడు?

బడికీ గుడికీ ఇంత దూరంలో ఉండాలని మద్యం దుకాణాలకి నియమాలున్నాయి. కిరాణా కొట్లు బడి గేటు ఎదురుగానే ఉంటాయి, పెన్సిళ్ళు, చాక్లెట్లు అమ్ముకునేది అక్కడే మరి. ఆ కొట్టుకి బీరు అనుమతిస్తే ఆ నియమానికి అర్థమేముంది?

అవతలి వైపు వాదనల్లో నన్ను నిజంగా ఆలోచించేలా చేసింది ఒక్కటే. మా బ్లాకులో ఉద్యోగం చేసుకునే అమ్మాయి ఒకతె అంది, "ఆంటీ, నాకు శనివారం ఒక బీరు తాగాలనిపిస్తే ఆ ఇనుప జాలీ ముందు మగవాళ్ళ గుంపులో నిలబడి చెయ్యి పెట్టాలా? సూపర్ మార్కెట్లో అయితే మర్యాదగా తీసుకుని వస్తాను కదా." ఆ అమ్మాయి మాటలో తప్పేమీ లేదు. వైన్ షాపుల్ని మనుషులు వెళ్ళే చోటులా ఎవరూ ఉంచలేదు. పక్కనే పర్మిట్ రూము, ముందు పల్లీల బండి, కాళ్ళ కింద ప్లాస్టిక్ గ్లాసులు, ఆ దారిన నడవాలంటేనే మనం రోడ్డు దాటి అవతలి వైపుకి పోతాం. ఆడపిల్ల తాగొచ్చా అని అడిగే పెద్దరికం నేను తీసుకోను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో నూటికి 43 మంది తాగుతామన్నారు, దేశం మొత్తం మీద నూటికి 19 మందే. తెలంగాణ ఆడవాళ్ళలో నూటికి దాదాపు ఏడుగురు చెప్పారు. అంతమంది మగవాళ్ళు తాగుతుండగా ఈ అమ్మాయి ఒక్క బీరుకి మొహం చిట్లించడం నాకు చేతకాదు.

కానీ ఆ అమ్మాయికి కావలసింది మర్యాదైన దుకాణం. లోపలికి నడిచి వెళ్ళి, వెలుతురులో చూసుకుని, బిల్లు తీసుకుని బయటికొచ్చే కొట్టు. హైదరాబాదులో అలాంటివి కొన్ని ఇప్పటికే ఉన్నాయి. లైసెన్సు కోసం లక్షలు కట్టించుకునే ప్రభుత్వం, ప్రతి దుకాణమూ అలాగే ఉండాలని ఒక షరతు పెట్టడానికి ఏం అడ్డు? 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 దుకాణాలు ప్రైవేటువాళ్ళకి లాటరీలో ఇచ్చినప్పుడు ఒక్కో దరఖాస్తుకే తిరిగిరాని రెండు లక్షలు తీసుకున్నారు. తెలంగాణలో 2,620 దుకాణాలు. ఇంత డబ్బు తీసుకుని ఇచ్చే కొట్టుకి ఒక తలుపూ, ఒక లైటూ, గుమ్మం ముందు తాగనివ్వని ఒక మనిషీ ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. దుకాణం అసహ్యంగా ఉందని సరుకుని బియ్యం బస్తాల పక్కకి మార్చడమేమిటి, దుకాణాన్ని బాగుచెయ్యాలి గానీ.

నిషేధం ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పేస్తే సరిపోతుంది. 2020లో ఆంధ్రలో మందు ధరలు ఒక్కసారిగా 75 శాతం పెంచారు. ఆ జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్ళ ఇళ్ళలోనూ ఆడవాళ్ళున్నారు. అందుకే దొరక్కుండా చెయ్యమని అనను, ధర ఆకాశానికి ఎత్తమని అనను. దొరకాలి, కానీ లేచి, చెప్పులేసుకుని, జేబులో డబ్బు చూసుకుని, దానికోసమే వెళ్తే దొరకాలి. ఉప్పు కోసం వెళ్తే ఎదురుపడకూడదు.

చిన్న కిరాణావాళ్ళు పెద్ద సూపర్ మార్కెట్ల ముందు, యాప్‌ల ముందు నిలవలేకపోతున్నారు, బీరు అమ్ముకోనిస్తే నాలుగు రాళ్ళు మిగులుతాయని కూడా ఒక వాదన ఉంది. మనవాళ్ళ బతుకుదెరువు మాట కాబట్టి కొట్టిపారెయ్యబుద్ధి కాలేదు. మా వీధి కొట్లోనే అడిగాను. గల్లా దగ్గర ఉన్నది ఆవిడే. ఆయన పొద్దున హోల్‌సేల్ మార్కెట్‌కి పోతాడు, మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటాడు, సాయంత్రం ఇళ్ళకి సరుకులు వేసి వస్తాడు. ఈ కొట్టనే కాదు, మీ వీధిలోనూ చూడండి, రోజులో సగం సేపు కౌంటరు మీద కూర్చునేది ఇంటావిడే. ఈ చర్చలన్నిటిలో ఆవిడ మాట ఎక్కడా వినపడదు.

"అమ్మో, మాకొద్దమ్మా" అంది. "ఇప్పుడు సిగరెట్లకొచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళతోనే చాలట్లేదు. ఆడవాళ్ళు వాళ్ళని చూసి పక్క కొట్టుకి పోతున్నారు. అది కూడా పెడితే ఇక మీరెవరొస్తారు? ఆయన లేని టైములో ఎవరన్నా తాగి వచ్చి ఇంకోటి ఇమ్మంటే నేను ఒక్కదాన్నే ఏం చెప్పాలి? ఇవ్వనంటే తిడతాడు, ఇస్తే రేపు వాళ్ళావిడొచ్చి తిడుతుంది. ఆవిడా మన ఖాతానే."